ఒరిజినల్ పాటనూ కవర్ వెర్షన్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా?

ఒక పాట ఒరిజినల్‌నూ, దాన్ని మరొకరు తిరిగి పాడిన కవర్‌నూ వినిపించి ఏది బాగుందని అడిగితే ఎవరైనా అరనిమిషంలో చెప్పేస్తారు. ఎందుకు బాగుందో చెప్పమంటేనే నీళ్లు నములుతారు. "ఫీల్ మిస్సయింది", "ఆ గొంతులో ఏదో ఉంది" అన్న దగ్గర మాట ఆగిపోతుంది. ఆ "ఏదో" ఏమిటో పట్టుకోవచ్చు. వెతికితే రెండు రికార్డింగుల మధ్య ముప్పై తేడాలు దొరుకుతాయి గానీ, వాటిలో చాలావరకు రెండు మూడు నిర్ణయాల వెంట వాటంతటవే వచ్చి చేరినవి. ఆ రెండు మూడూ ఏవో తేల్చడమే మన పని.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మంచి హెడ్‌ఫోన్, కంప్యూటర్‌లో ఆడాసిటీ లాంటి ఉచిత ఆడియో ఎడిటర్, ఒక కీబోర్డు (ఫోన్‌లో యాప్ అయినా సరే), ఒక ట్యూనర్ యాప్, కాగితం, పెన్ను. నాలుగు నిమిషాల పాటకు రెండు మూడు గంటలు కేటాయించుకోండి. సరిగమలు రాయడం కొత్తయితే ఇంకొంచెం పడుతుంది.

1. అసలు ఏది ఒరిజినల్?

మీరు మొదట విన్నది ఒరిజినల్ కాకపోవచ్చు. రాసినవారు పాడింది, మొదట రికార్డయింది, మొదట హిట్టయింది వేర్వేరుగా ఉండడం మామూలే. ముందు ఆ వరసంతా తేదీలతో రాసుకోండి. కవర్ చేసినవాళ్లు ఏ వెర్షన్ విని చేశారో కూడా చూడండి, ఎందుకంటే మధ్యలో మరో కవర్ ఉంటే లెక్కంతా మారిపోతుంది.

"హల్లెలూయా" దీనికి మంచి ఉదాహరణ. పాట రాసిన లియొనార్డ్ కోహెన్ రికార్డు 1984లో వచ్చింది. 1991లో జాన్ కేల్ పియానో ఒక్కదానితో పాడాడు. కోహెన్ రాసిపెట్టుకున్న ఎన్నో చరణాల్లోంచి తనకు కావలసినవి ఏరుకున్నాడు కూడా. 1994లో జెఫ్ బక్లీ గిటార్‌తో పాడింది కేల్ దారిలోనే. ఇప్పుడు బక్లీని నేరుగా కోహెన్‌తో పోల్చి "చరణాలు మార్చేశాడు, వాయిద్యాలు తగ్గించేశాడు" అని రాస్తే కేల్ చేసిన పనిని బక్లీ ఖాతాలో వేసినట్టే. ఇలాంటి పాటకు పోలిక పట్టికలో మూడు నిలువు వరసలు కావాలి. రెండు చాలవు.

తేదీ చూడాల్సిన కారణం ఇంకొకటి ఉంది. కవర్ బాగా పేరు తెచ్చుకున్నాక ఒరిజినల్ గాయకుడే ఆ పద్ధతికి మారిపోవచ్చు. "ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్"ను బాబ్ డిలన్ 1967లో విడుదల చేస్తే, 1968లో జిమీ హెండ్రిక్స్ కవర్ వచ్చింది. ఆ తర్వాతి కచేరీల్లో డిలన్ హెండ్రిక్స్ పద్ధతి వైపు జరిగాడు. కాబట్టి ఒరిజినల్ గాయకుడి తర్వాతి కచేరీ రికార్డింగును "ఒరిజినల్" కింద తీసుకోకండి.

2. సరైన కాపీ, సరైన వాల్యూమ్

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చెవికి పెద్ద సౌండు మెరుగైన సౌండులా అనిపిస్తుంది. ఒక డెసిబెల్ తేడాను "ఇది పెద్దగా ఉంది" అని గుర్తుపట్టం, "ఇందులో ప్రాణం ఉంది" అనుకుంటాం. కొత్త రికార్డింగులు పాతవాటికంటే పెద్ద సౌండుతో తయారవుతాయి కాబట్టి ఈ పొరపాటు దాదాపు ఎప్పుడూ కవర్ వైపే మొగ్గుతుంది.

ఆడాసిటీలో రెండు పాటలనూ వేర్వేరు ట్రాకుల్లో తెరవండి. ఎఫెక్టుల్లో "లౌడ్‌నెస్ నార్మలైజేషన్" తీసుకుని రెండింటికీ మైనస్ 20 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి సౌండు ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) ఇవ్వండి. ఆ పక్కనే ఉత్త "నార్మలైజ్" అని ఇంకొకటి ఉంటుంది, అది వద్దు. అది అత్యధిక శిఖరాన్ని, అంటే పాటలో అన్నిటికన్నా గట్టిగా ఉన్న క్షణాన్ని మాత్రమే సమం చేస్తుంది. ఒక్క డ్రమ్ దెబ్బ గట్టిగా ఉన్న పాట మొత్తం వెనక్కి పోతుంది. చిన్నదాన్ని పెంచడం కంటే పెద్దదాన్ని తగ్గించడమే క్షేమం, పెంచితే శిఖరాలు తెగి గరగర వస్తుంది.

ఇంకో చిక్కుంది. కవర్ మెల్లగా మొదలై చివర్లో విరుచుకుపడే రకమైతే, పాట మొత్తానికి సగటు తీసి సమం చేయడం వల్ల మొదటి చరణం మరీ చిన్నగా వినిపిస్తుంది. అలాంటప్పుడు పల్లవిని పల్లవితో, చరణాన్ని చరణంతో విడిగా కత్తిరించి సమం చేసుకోండి.

పాత పాటకు రీమాస్టర్లు (సౌండు సరిచేసి మళ్లీ విడుదల చేసిన కాపీలు) నాలుగైదు ఉంటే మొదటి విడుదలకు దగ్గరగా ఉన్నది వెతకండి. 1960ల పాటలకు మోనో, స్టీరియో మిక్సులు రెండూ ఉండడం సాధారణం. ఆ కాలపు స్టీరియోలో గొంతు ఒక చెవిలో, వాయిద్యాలు మరో చెవిలో వినిపించవచ్చు. అది ఆనాటి మిక్సింగ్ పద్ధతి. గాయకుడి ఆలోచన కాదు. ఫోన్‌లో ఈక్వలైజర్, బాస్ బూస్ట్, స్పేషియల్ ఆడియో ఆపేయడం మరిచిపోవద్దు.

3. మొదటి విడత: ఏమీ రాయకుండా వినండి

ముందు ఒరిజినల్, తర్వాత కవర్. మర్నాడు ముందు కవర్, తర్వాత ఒరిజినల్. వరస మార్చకపోతే రెండోసారి విన్నదాని గురించి ఎప్పుడూ ఒకే రకమైన అభిప్రాయం వస్తుంది. వింటున్నప్పుడు కాదు, విన్నాక రెండు మూడు మాటల్లో మీకేమనిపించిందో రాసి పక్కన పెట్టండి. చివర్లో ఈ చీటీ పనికొస్తుంది.

పదేపదే విన్నది నచ్చుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించాడు. మీరు చిన్నప్పటి నుంచి ఒరిజినలే వింటున్నట్టయితే అందులోని పొరపాట్లు కూడా మీకు అందంగానే ఉంటాయి, కవర్‌లో అవి లేకపోవడం లోటుగా అనిపిస్తుంది. దీనికి విరుగుడు ఒకటే. ఒక వారం పాటు కవర్‌ను మాత్రమే వినండి. అప్పుడు పని మొదలుపెట్టండి.

4. పాటను బార్లలో కొలవండి

నిమిషాల్లో, సెకన్లలో పోలిస్తే ఏదీ తేలదు, ఎందుకంటే నడక వేరు. రెండింటికీ పనికొచ్చే కొలత బార్. చాలా పాటల్లో నాలుగు బీట్లకు ఒక బార్ వస్తుంది. పాట వింటూ వేళ్ల మీద లెక్కపెట్టి, ఎత్తుగడ ఎన్ని బార్లు, పల్లవి ఎన్ని, చరణం ఎన్ని, మధ్య వాయిద్యం ఎన్ని అని రాయండి. కవర్‌కూ అంతే. పక్కపక్కన పెట్టగానే ఏది కోశారో, ఏది సాగదీశారో, ఎక్కడ కొత్త ముక్క అతికారో తెలిసిపోతుంది.

తర్వాత వేగం. 30 సెకన్లలో ఎన్ని బీట్లు పడ్డాయో లెక్కపెట్టి రెట్టింపు చేస్తే బీపీఎం, అంటే నిమిషానికి బీట్లు. 15 సెకన్లే లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే ఒక్క బీటు పొరపాటు నాలుగు బీపీఎంల తప్పు అవుతుంది. మెషిన్ డ్రమ్స్ లేని పాటల్లో వేగం నిలకడగా ఉండదు కాబట్టి మొదట్లో, మధ్యలో, చివర మూడుచోట్ల కొలవండి. బీపీఎం కొలిచే యాప్ 140 చూపిస్తే అది 70 కావచ్చు. కాలు సహజంగా దేనికి కదులుతుందో అదే అసలు లెక్క.

బీపీఎం తెలిశాక ఒక చిన్న లెక్క చేయండి. 240ని బీపీఎంతో భాగిస్తే నాలుగు బీట్ల బార్‌కు పట్టే సెకన్లు వస్తాయి. ఒరిజినల్ 96లో ఉంటే బార్‌కు 2.5 సెకన్లు. కవర్ 72లో ఉంటే 3.3 సెకన్లు. నాలుగు బార్ల లైను ఒకచోట పది సెకన్లయితే ఇంకోచోట పదమూడు దాటుతుంది. ఒరిజినల్‌లో ఒకే ఊపిరిలో పాడిన లైనుకు కవర్‌లో ఊపిరి చాలదు, మధ్యలో విరగ్గొట్టాల్సి వస్తుంది. ఆ విరుపు ఏ మాట దగ్గర పడితే ఆ మాటకు కొత్త బరువు వస్తుంది. మరోపక్క, అన్ని చరణాలూ పాడితే పాట ఆరు నిమిషాలవుతుంది కాబట్టి ఒక చరణం ఎగిరిపోతుంది. నెమ్మదైన నడకలో మిగిలిన ఖాళీని ఏదో ఒకటి నింపాలి కాబట్టి వయొలిన్లో, హమ్మింగో, గొంతులో సంగతులో (ఒకే లైనును రకరకాలుగా తిప్పి పాడడం) వచ్చి చేరతాయి. చూశారుగా, వేగం అనే ఒక్క నిర్ణయం నాలుగు తేడాలను వెంటబెట్టుకొచ్చింది. రాసేటప్పుడు ఈ నాలుగింటినీ నాలుగు విడివిడి సృజనలుగా లెక్కగట్టకూడదు.

5. శ్రుతి

పాట ఎక్కడికొచ్చి ఆగితే "ఇల్లు చేరినట్టు" ఉంటుందో ఆ స్వరాన్ని కూనిరాగంగా తీసి కీబోర్డు మీద వెతకండి. అదే షడ్జమం. సి అయితే ఒకటో శ్రుతి, సి షార్ప్ అయితే ఒకటిన్నర, అలా పైకి. రెండింటి శ్రుతులూ రాసి, మధ్య ఎన్ని మెట్లున్నాయో (కీబోర్డు మీద నలుపూ తెలుపూ కలిపి) లెక్కపెట్టండి.

మగ గొంతు పాట ఆడ గొంతుకు మారితే నాలుగైదు మెట్లు జరగడం మామూలే. అది గొంతు అవసరం, అందులో వ్యాఖ్యానించడానికి ఏమీ లేదు. అసలు చూడాల్సింది పాటలోని అతి పై స్వరం ఆ గాయకుడికి సుఖంగా అందుతోందా, అంచున నిలబడి అందుకుంటున్నారా అన్నది. ఒరిజినల్‌లో సులువుగా వచ్చే పై స్వరం కవర్‌లో గొంతు చించుకునే చోట పడిందంటే, శ్రుతిని కావాలనే పైకి పెట్టి ఉండొచ్చు. అదే గాయని మిగతా పాటల్లో ఎంత పైకి వెళ్తుందో రెండు మూడు విని సరిచూసుకుంటే ఊహ నిజమో కాదో తేలుతుంది.

మధ్యలో శ్రుతి మారుతోందేమో కూడా చూడండి. "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" డాలీ పార్టన్ 1974 రికార్డులో మూడు నిమిషాల లోపు ముగిసే నెమ్మదైన పాట, చివరి చరణాన్ని ఆమె మాటగా చెబుతుంది. విట్నీ హ్యూస్టన్ 1992 కవర్ వాయిద్యం లేకుండా ఒంటరి గొంతుతో మొదలవుతుంది. చివర్లో ఒక క్షణం మౌనం, డ్రమ్ దెబ్బ, అక్కడి నుంచి శ్రుతి రెండు మెట్లు పైకి. నాలుగున్నర నిమిషాల పాటలో మొదటి ఖాళీ, ఆ చివరి దూకుడు ఒకే నిర్ణయానికి రెండు కొసలు. కింది నుంచి మొదలుపెట్టకపోతే అంత పైకి ఎక్కినట్టు అనిపించదు.

పాత టేపు రికార్డింగుల్లో ఒక మెలిక ఉంది. ట్యూనర్ ఏ మెట్టు మీదా నిలవక రెండింటి మధ్య ఊగుతుంటే, టేపు కొంచెం వేగంగానో నెమ్మదిగానో తిరిగి ఉండొచ్చు. ఒక మెట్టు శ్రుతి అంటే వేగంలో దాదాపు 6 శాతం. అరమెట్టు తేడా ఉంటే వేగమూ సుమారు 3 శాతం మారినట్టే. అప్పుడు మీరు కొలిచిన 103 బీపీఎం నిజానికి స్టూడియోలో 100 అయి ఉండొచ్చు. వాయిద్యాలన్నీ కలిపి కొంచెం తక్కువో ఎక్కువో శ్రుతి చేసుకున్నా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి ఇది అనుమానం దగ్గరే ఆపండి, తీర్పుగా రాయకండి.

6. బాణీని సరిగమల్లో రాయండి

శ్రుతి వేరైనా పోలిక చెడకుండా ఉండాలంటే స్వరాలు రాయడాన్ని మించింది లేదు. షడ్జమం ఎక్కడున్నా "స" అనే రాస్తాం కాబట్టి ఒకటో శ్రుతి పాట, ఐదో శ్రుతి పాట ఒకే కాగితం మీద సరిపోలతాయి. పాటంతా రాయనక్కర్లేదు. పల్లవి మొదటి రెండు లైన్లు, చరణంలో పైకెక్కే లైను, ముగింపు, ఇవి చాలు. అందకపోతే ఆడాసిటీలో "చేంజ్ టెంపో"తో 30 శాతం నెమ్మది చేయండి, శ్రుతి మారదు.

రెండు బార్ల లైనొకటి ఊహించుకోండి. కామా ఉన్నచోట గొంతు లేదు, లేదా ముందు స్వరం సాగుతోంది. స్వరం పక్కన అంకె ఆ స్వరంలో ఏ రకమో చెబుతుంది, అంకె పెరిగితే స్వరం కొంచెం పైది.

ఒరిజినల్: స రి2 గ3 గ3 | మ1 గ3 రి2 , |
కవర్: , స రి2 గ3 | గ3 మ1 గ3రి2 స |

కవర్ ఒక బీటు ఆలస్యంగా ఎత్తుకుంది. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి రెండో బార్‌లో గ, రి రెండింటినీ ఒకే బీటులో జార్చింది. ముఖ్యమైనది చివర ఉంది: ఒరిజినల్ రిషభం (రి) మీద ఆగి ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు ఉంచితే, కవర్ షడ్జమానికి వచ్చి కూర్చుంది. మొదటిదాంట్లో తర్వాతి లైను కోసం చెవి ఎదురుచూస్తుంది, రెండోదాంట్లో లైను అక్కడికే ముగిసిపోతుంది. "కవర్ అక్కడక్కడా ఆగిపోతున్నట్టుంది" అని మొదటిరోజు చీటీలో రాసుకుని ఉంటే దాని కారణం ఇదే కావచ్చు.

ఆలస్యంగా ఎత్తుకోవడం ఒక్కచోట ఉంటే పెద్ద విషయం కాదు. ప్రతి లైనులోనూ ఉంటే అది శైలి. మూడు నాలుగు లైన్లు చూశాకే ఆ మాట అనండి. గమకాలు (స్వరాన్ని ఊపి పలకడం), విరుపులు కూడా అంతే. ఒక అక్షరం మీద ఎన్ని స్వరాలు నడిచాయో లెక్కపెట్టి రాయండి, "బాగా తిప్పింది" అని కాదు.

గాంధారం (గ), ధైవతం (ద), నిషాదం (ని) మీద ప్రత్యేకంగా కన్నేయండి. గ3, ద2, ని3 ఉన్న శంకరాభరణ రాగం లాంటి మెట్లు కవర్‌లో గ2, ద1, ని2 అయ్యాయంటే పాట నటభైరవి రాగం వైపు తిరిగింది. పాశ్చాత్య పద్ధతిలో చెప్పాలంటే మేజర్ పాట మైనర్ అయింది. సంతోషంగా ఉన్న పాట విషాదంగా మారిందని అందరూ అంటారు గానీ ఎక్కడ మారిందో చాలామంది చూడరు.

7. కార్డులు

కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాల గుంపు. ముందు బాస్ గిటార్ వినండి, దాన్ని బట్టి కార్డులు సగం తెలిసిపోతాయి. వాటినీ సి, ఎఫ్ అని కాకుండా షడ్జమం (స) మీదిది, మధ్యమం (మ) మీదిది, పంచమం (ప) మీదిది అని రాసుకుంటే శ్రుతి గొడవ ఉండదు. తేడా ఏమీ లేకపోయినా అది కూడా ఫలితమే. "వాచ్‌టవర్"లో ఇద్దరిదీ ఆద్యంతం తిరిగే మూడే కార్డుల చుట్టు. డిలన్‌ది రెండున్నర నిమిషాలు, హెండ్రిక్స్‌ది నాలుగు. ఆ ఎక్కువ సమయమంతా కార్డుల్లోకి కాదు, గిటార్ సోలోల్లోకి వెళ్లింది. కార్డుల గడి ఖాళీగా ఉండడమే మిమ్మల్ని వాయిద్యాల వైపు తోస్తుంది.

8. మాటలు

సాహిత్యాన్ని ఇంటర్నెట్‌లోంచి కాపీ చేయకుండా రెండింటినీ చెవితో విని రాయండి, ఎందుకంటే అక్కడ దొరికేది తరచూ ఏదో ఒక వెర్షన్‌దే అయి ఉంటుంది. తీసేసిన చరణం, మారిన సర్వనామం, ఎన్నిసార్లు తిప్పి పాడారన్న లెక్క, ఈ మూడూ చూడండి.

మాటలు పెద్దగా మారకపోయినా పాడేవారు మారితే అర్థం తిరగబడుతుంది. "రెస్పెక్ట్" 1965లో ఓటిస్ రెడింగ్ పాడినప్పుడు ఇంటికొచ్చిన మగవాడి కోరిక. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ గొంతులో అది ఆడమనిషి డిమాండు అయింది. దాంతోపాటు ఆ మాటను అక్షరం అక్షరంగా పలికే చోటు కూడా ఆమె వెర్షన్‌లోనే వచ్చింది. ఈ రోజు ఆ పాట అనగానే గుర్తొచ్చే ముక్క ఒరిజినల్‌లో లేనే లేదు.

9. వాయిద్యాలు, సౌండు

బార్ల పట్టికకే ఒక్కో భాగం పక్కన ఏ వాయిద్యం లోపలికొచ్చింది, ఏది వెళ్లిపోయింది అని రాయండి. ఒకసారి వింటూ అన్నీ పట్టుకోవాలని చూడకండి. బాస్ కోసం ఒకసారి, డ్రమ్స్ కోసం ఒకసారి, వెనక గొంతుల కోసం ఒకసారి. ముక్కలు 10–15 సెకన్లకు మించకుండా ఉంచి మార్చిమార్చి వినండి. అంతకన్నా పొడవైతే మొదటిదాని సౌండు చెవిలో నిలవదు.

డీమక్స్, స్ప్లీటర్ లాంటి టూల్స్ గొంతునూ డ్రమ్స్‌నూ బాస్‌నూ విడదీసి ఇస్తాయి. బాస్ ఏం వాయించిందో తెలుసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. కానీ విడదీసిన గొంతు విని "ఎకో ఎక్కువ పెట్టారు" అనో, "గొంతు గరుకుగా ఉంది" అనో అనకండి. తాళాల మోత, ఎకో తోకలు విడదీతలో నలిగిపోతాయి, కొత్త రొదలు పుడతాయి. అలాగే శ్రుతి కలపడం కోసం "చేంజ్ పిచ్"తో మూడు నాలుగు మెట్లకు మించి జరిపిన గొంతును కూడా తూకం వేయొద్దు.

10. తల్లి మార్పు ఏది?

ఇప్పుడు తేడాల జాబితా అంతా ముందు పెట్టుకుని ఒక్కో దాన్ని ఇలా అడగండి: ఇంకో తేడా లేకపోతే ఇది ఉండేదా? వేగం తగ్గకపోతే ఊపిరి విరిగేదా? గొంతు ఒంటరిగా మొదలవకపోతే మొదట్లో అన్ని సంగతులు పట్టేవా? "ఉండేది కాదు" అనిపిస్తే దాన్నుంచి దీనికి బాణం గీయండి. బాణాలు బయటికి వెళ్లేవే తప్ప లోపలికి ఒక్కటీ రానివి రెండో మూడో మిగులుతాయి. అవే తల్లి మార్పులు. పదికి పైగా మిగిలితే ఏదో లెక్క తప్పింది, లేదా అది కవర్ పేరుతో వచ్చిన వేరే పాట. బాణమే గీయలేని ఒంటరి తేడా ఒకటి మిగిలితే దాన్ని జాగ్రత్తగా చూడండి. అది అలవాటుగా పడిన చెయ్యి కావచ్చు, లేదా మొత్తం కవర్‌లో అతి మంచి ఆలోచన కావచ్చు.

మొదటిరోజు చీటీ తీసి, అందులోని ఒక్కో మాటకు ఈ పటంలో కారణం దొరుకుతుందేమో చూడండి. దొరకని మాటను వదిలేయకుండా ఆ చోటును మళ్లీ వినండి.

11. రాసేటప్పుడు

"కవర్‌లో ఆత్మ లేదు" అని రాస్తే చదివేవారు వెళ్లి సరిచూసుకోవడానికి ఏమీ ఉండదు. "రెండో చరణంలో నాలుగో లైను నుంచి డ్రమ్స్ ఆగిపోయాయి, ఎనిమిది బార్ల తర్వాతే తిరిగొచ్చాయి, ఒరిజినల్‌లో అదే చోట వేగం పెరుగుతుంది" అని రాస్తే వారు పెట్టి వినగలరు, మీతో విభేదించగలరు కూడా. ప్రతి మాటకు చోటు, జరిగింది, దాని ఫలితం, ఈ మూడూ ఉండాలి. పాట రాసినవారు, బాణీ కట్టినవారు, మొదట పాడినవారు వేరైతే ముగ్గురి పేర్లూ విడిగా ఇవ్వండి.

ఒరిజినల్ స్టూడియోలో, కవర్ స్టేజి మీద ఉంటే (లేదా అటుది ఇటైతే) ఊపిరి, శ్రుతి తప్పడం, వాయిద్యాల పొందిక మీద తీర్పులు ఇవ్వకండి. స్టూడియోలో పది టేకుల్లోంచి ముక్కలు ఏరి అతికిన గొంతుకూ, ఒక్క ఊపులో పాడిన గొంతుకూ పోటీ పెట్టడం కుదరదు. బార్లు, స్వరాలు, కార్డులు, మాటలు మాత్రం అక్కడా నిక్షేపంగా పోల్చుకోవచ్చు.